డిలీట్ చేశావు కదన్నా!

జనగామలో మా అమ్మకు ఆదివారం రాత్రి అన్నం వేళ మారి చాలా ఏళ్లయింది. టీవీలో ఒక షో మొదలయ్యేలోపే వంటగది సర్దేసి, మోకాళ్లకు బామ్ రాసుకొని టీవీ ముందు కూర్చునేది. షో నడిపే ఆయన తెర మీదికి రాగానే "అచ్చిండు మన పిలగాడు" అనేది. స్టేజీ మీద పేదింటి పిల్లెవరో పాట పాడితే ఆయన కళ్లు తుడుచుకునేవాడు, ఇక్కడ మా అమ్మ కొంగు వెతుక్కునేది. నెలకోసారి ఊరికి పోయే సొంత కొడుకును, నేనేదన్నా మాట్లాడబోతే "అడ్వటేజులు వచ్చినంక చెప్పు" అనేది. నాకేం కోపం రాలేదు. ఆయనంటే నాకూ ఇష్టమే.

ఆయన పేరు రాయను. రాస్తే ఈ ఒక్కడి గురించేలే అని మిగతావాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

2025 మార్చిలో హైదరాబాద్‌లో గొడవ మొదలైంది గుర్తుందా? బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని పంజాగుట్ట పోలీసులు 11 మంది మీద, మియాపూర్ పోలీసులు 25 మంది మీద కేసులు పెట్టారు. అప్పటికి ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్, బస్సులు చూసుకోవాల్సిన మనిషి, ఈ వీడియోలు ఒక్కొక్కటీ పట్టుకొని ఇది తప్పయ్యా అని రోజూ చెప్పాల్సి వచ్చింది. జులైలో ఈడీ 29 మంది పేర్లు రాసుకుంది. సినిమా హీరోల నుంచి యూట్యూబర్ల దాకా ఉన్నారు. కొందరు తెలియక చేశామన్నారు, కొందరు ఎప్పుడో మానేశామన్నారు, కొందరు మాది నైపుణ్యం ఆట అన్నారు. ఆ సంగతి కోర్టులు తేలుస్తాయి.

నేను చెబుతున్న మనిషి ఆ జాబితాల్లో ఎక్కడా లేడు. ఆ మార్చిలోనే ఒక రాత్రి ఆయన ఇన్‌స్టా పేజీలోంచి మూడు రీళ్లు మాయమయ్యాయి. అంతే జరిగింది. ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ మూడింట్లో ఒకటి నాకు బాగా గుర్తు. మేకప్ గదిలో, మెడకు టిష్యూ పేపరు చుట్టుకొని, చేతిలో ఫోను. తెర మీద బొమ్మ విమానం పైకి లేస్తుంటుంది, అంకెలు పెరుగుతుంటాయి. షాట్ రెడీ అయ్యేలోపు ఐదు వేలు వచ్చాయని నవ్వుతాడు. మన ఫ్యామిలీ కోసమని ఒక కోడ్ ఇస్తాడు. లింకు బయోలో ఉందంటాడు. ఆదివారం రాత్రి మా ఇంట్లో చూసే నవ్వే అది, తేడా లేదు.

ఆ కోడ్ సంగతి కాస్త ఆలోచించండి. ఊరికే ప్రకటన చేసిపెట్టి డబ్బు తీసుకుంటే కోడ్ ఎందుకు? కోడ్ ఉన్నదే లెక్క కోసం. ఎవరి మాట విని ఎంతమంది చేరారో చూసుకోవడానికి. కాబట్టి ఎవరు, ఎక్కడ, ఎంతమంది అనేది నాకేం తెలుసు అనే మాట ఆయన నోట రాకూడదు.

చేరినవాళ్లలో మా మేనమామ కొడుకు ఒకడు. ఐటీఐ చదివి, ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ దుకాణంలో పనికి కుదిరాడు. ఆ యాప్ ప్లే స్టోర్‌లో దొరకదు, ఫైల్ రూపంలో దించుకోవాలి. ఇది ప్రమాదమని ఫోనే హెచ్చరించింది. అన్న చెప్పాడు కదా అని వీడు ఓకే నొక్కాడు. మొదట 200 పెడితే 900 వచ్చాయి. తర్వాత జీతం పోయింది. తర్వాత దుకాణం గల్లా పెట్టెలో డబ్బు. అది పూడ్చడానికి లోన్ యాప్‌లు, వాటిని కట్టడానికి ఇంకో రెండు లోన్ యాప్‌లు. వాళ్లు వీడి ఫోనులో ఉన్న నంబర్లన్నింటికీ ఫోన్లు చేశారు, పెళ్లికి ఉన్న చెల్లెలికి కూడా. మొత్తం 4 లక్షల 60 వేలు. మా మామ దసరా నాడు కూడా పేకముక్క ముట్టని మనిషి. రెండు బర్రెలు అమ్మి, ఇరవై గుంటలు కుదువ పెట్టి, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టాడు.

తప్పు పిల్లవాడిది కాదా అంటారు. అవును, వాడిదే. అందరి ముందూ వాణ్ని కొట్టింది నేనే. కానీ వాడు దెబ్బలూ తిన్నాడు, ఊళ్లో తలా దించుకున్నాడు. ఆ రెండో మనిషి మాటేమిటి?

తెలియదంటే నమ్మను. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను 2017లోనే నిషేధించారు. ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. ఈయన ఉండేది ఈ హైదరాబాద్‌లోనే. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనబడినవాళ్లకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. చెక్కు మీద సున్నాలు లెక్కపెట్టడానికి మేనేజర్ ఉన్నప్పుడు చట్టం చదివి చెప్పడానికి ఒకడు దొరకడా?

పోనీ, నిజంగానే తెలియదనుకుందాం. మరి ఆ రాత్రి ఎందుకు తీసేసినట్టు?

నాకు రగిలేది ఇక్కడే. రీలు పెట్టేటప్పుడు మేమంతా ఫ్యామిలీ. తీసేసేటప్పుడు మాత్రం ఎవరమూ కాము. ఇంటివాడే అయితే, గోడకు మేకు కొట్టి తీసేశాక ఆ చిల్లు సంగతి కూడా చూస్తాడు.

ఆయనకు మెసేజ్ పెట్టాను. తిట్టలేదు. జరిగింది రాసి, డబ్బు అక్కర్లేదు, ఆ యాప్ వద్దని ఒక్క వీడియో చేయండని వేడుకున్నాను. నాలుగో రోజు జవాబొచ్చింది: రెండు చేతులు జోడించిన బొమ్మ. మళ్లీ రాశాను. ఈసారి బ్లాక్ చేశారు.

ఆ మార్చి 30న ఉగాది. స్పెషల్ ఈవెంట్‌కు పట్టుపంచె కట్టుకొని వచ్చాడు. పచ్చడి పంచాడు, ఒక పేద కుటుంబానికి చెక్కు ఇచ్చాడు, వెనక వయొలిన్ ఏడ్చింది. ఆ షో వేసే కంపెనీదే అయిన వార్తల ఛానెల్‌లో ఆ నెలంతా బెట్టింగ్ భూతం అని ఎర్రక్షరాలు పరుగులు తీస్తున్నాయి. ఇక్కడ చప్పట్లు, అక్కడ చర్చలు. న్యూస్ వెబ్‌సైట్ల పేరుతో దొంగచాటుగా వచ్చే బెట్టింగ్ ప్రకటనలు వేయొద్దని 2022లో కేంద్రం ఛానెళ్లకే చెప్పాల్సి వచ్చింది కాబట్టి వాళ్ల నీతి గురించి నాకు పెద్ద ఆశలేం లేవు.

ఆ రోజు మా మామ మా ఇంట్లోనే ఉన్నాడు. టీవీ వైపు చాలాసేపు చూసి, "గీయనేనా?" అన్నాడు. నేను తలూపాను. రిమోట్ తీసుకోబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "పాపం, ఆయనతోని ఎవలన్న చెప్పిచ్చిన్రేమోరా" అంది. మామ ఏమీ అనలేదు, చెప్పులేసుకొని బయటికి పోయాడు.

తమ్ముడి బర్రెలు పోయినా తెర మీది మనిషిని అనుమానించలేని నమ్మకం అది. ఏళ్ల తరబడి మా అమ్మ ఇచ్చిన ఆ గౌరవాన్నే ఆయన తీసుకెళ్లి, ఒక కోడ్‌గా మార్చి అమ్ముకున్నాడు. నా దగ్గర ఆయన కోసం ఇక ఏమీ మిగల్లేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇలాంటి ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల జైలు, 50 లక్షల జరిమానా దాకా శిక్ష ఉంటుంది. ఏటా 45 కోట్ల మంది 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే అంచనా వేసింది. చట్టం వచ్చింది కదా, ఇక వదిలేయమని స్నేహితులు అంటున్నారు. మా మామకు మిత్తి ఎవరూ వదిలేయలేదు.

అన్నా, క్షమాపణ అడగను, అది నీకు చేతకాదు. లింకు ఇచ్చినంత సేపు కూడా పట్టదు, స్టేజీ మీద నిలబడి 1930 అనే నంబరు చెప్పు. సైబర్ మోసం జరిగితే వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేయమను. ఆదివారం మళ్లీ వస్తుంది. మా అమ్మ ఎలాగూ చూస్తుంది.