లూపస్ వ్యాధి - మాతృత్వము - మన మౌనము

వ్యాధి శరీరానిది, దానికి తోడయ్యే అపవాదు సమాజానిది. మొదటిదానికి వైద్యుడు మందు ఇవ్వగలడు. రెండవదానికి మందు మన చేతులలోనే ఉన్నది. ఈ మాట ఏ వ్యాధికైనా వర్తించేదే అయినా, యౌవనంలో ఉన్న స్త్రీలనే ఎక్కువగా పట్టి పీడించే లూపస్ విషయంలో మరింత సత్యమని ఒక పూర్వ విద్యార్థిని జీవితం వల్ల మాకు తెలియవచ్చినది. తెలుగు పాఠం చెప్పుకొనే వారికి వైద్య విషయాలతో పనియేమిటని పాఠకులు ప్రశ్నించవచ్చును. తరగతిలో మా ఎదుట కూర్చునే బాలికల వయస్సే ఆ వ్యాధి బయటపడే వయస్సు గనుక పని ఉన్నదని మా సమాధానం.

కొన్ని సంవత్సరాల క్రితం మా డిగ్రీ తరగతిలో చురుకైన ఒక విద్యార్థిని ఉండేది. రెండవ సంవత్సరంలో ఆమె రెండు చెక్కిళ్ల మీద, ముక్కు మీదుగా, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఎర్రని మచ్చ ఏర్పడినది. ఎండలోకి వెళితే అది మండేది. తెల్లవారితే వేళ్ల కీళ్లు ముడుచుకొనక పోయేవి. సాయంకాలానికి జ్వరం, దువ్వెన నిండా జుట్టు. ఇంటివారు మొటిమలనుకొని ముఖానికి లేపనాలు పూశారు. దిష్టి తగిలినదని తాయెత్తు కట్టించారు. తుదకు నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో లూపస్ అని తేలినది. మందులతో వ్యాధి నెమ్మదించినది. తరువాత సంబంధం కుదిరినది. పెళ్లివారికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. అత్తవారింట ఆ పిల్ల మాత్రలను పప్పు డబ్బాలో దాచుకొని మింగేది. నెల తప్పగానే అవి కూడా మానివేసినది. మొదటి గర్భం మూడవ నెలలో, రెండవది ఆరవ నెలలో పోయినవి. "మందు మానితే బిడ్డకు మంచిదనుకున్నాను మేడమ్" అని ఆమె ఒకనాడు మాతో అన్న మాటయే ఈ వ్యాసానికి కారణం.

లూపస్ అనగా లాటిన్ భాషలో తోడేలు. ముఖం మీది మచ్చలు తోడేలు కొరికిన గాయాల వలె ఉండుట చేత ఆ పేరు వచ్చినదంటారు. మన శరీరంలో రోగనిరోధక శక్తి అనే కావలి ఒకటి ఉన్నది. బయటి నుండి వచ్చే సూక్ష్మజీవులను తరిమివేయుట దాని పని. లూపస్‌లో ఆ కావలి సొంత ఇంటివారినే పగవారనుకొని దాడి చేస్తుంది. కంచే చేను మేస్తుంది. చర్మం, కీళ్లు, రక్తకణాలు, గుండె పొర, మూత్రపిండాలు, ఏదైనా దాని బారిన పడవచ్చును. ఇది అంటువ్యాధి కాదు. రోగులలో ప్రతి 10 మందికి సుమారు 9 మంది స్త్రీలే; అందులోనూ 15 నుండి 44 సంవత్సరాల వయస్సు వారే ఎక్కువ. స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్, స్త్రీలలో రెండుగా ఉండే ఎక్స్ క్రోమోజోములు ఇందుకు కొంత కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. చదువు, పెళ్లి, కాన్పు, ఈ మూడూ జరుగవలసిన వయస్సులోనే వచ్చి కూర్చుండే వ్యాధి ఇది.

ఒకప్పుడు లూపస్ ఉన్న స్త్రీకి వైద్యులు బిడ్డల ఆశ వదులుకొమ్మనే చెప్పేవారు. ఆ కాలం గడచినది. అమెరికా, కెనడా దేశాలలో 385 మంది గర్భిణులను పరిశీలించి 2015లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, వ్యాధి అణగి ఉన్న స్థితిలో గర్భం ధరించిన వారిలో నూటికి 81 మందికి ఏ పెద్ద చిక్కూ లేకుండా కాన్పు జరిగినది. ఇక్కడ "వ్యాధి అణగి ఉన్న స్థితిలో" అన్న మాటలను మన పాఠకులు గుర్తుంచుకొనవలెను. కనీసం 6 నెలల పాటు వ్యాధి నెమ్మదిగా ఉండి, మూత్రపిండాలు కుదుటపడి, రక్తపోటు అదుపులో ఉన్న తరువాతనే గర్భం ధరించుమని నేటి వైద్యుల సలహా. లూపస్ వల్ల సాధారణంగా సంతానశక్తి తగ్గదు. మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్న వారికి, సైక్లోఫాస్ఫమైడ్ అనే బలమైన మందు ఎక్కువగా వాడవలసి వచ్చిన వారికి మాత్రమే ఆ ప్రమాదం అధికం.

గర్భకాలంలో వచ్చే చిక్కులు ముఖ్యంగా మూడు. వ్యాధి ముదిరి ఉండగా గర్భం వస్తే రక్తపోటు పెరిగి, మూత్రంలో మాంసకృత్తులు పోయి, తల్లీబిడ్డలు ఇద్దరూ ప్రమాదంలో పడతారు. అది ముదిరి మూర్ఛలు వస్తే మన పెద్దలు గుర్రపువాతమనేవారు. నెలలు నిండక ముందే కాన్పు కావచ్చును. బిడ్డ బరువు తగ్గవచ్చును. 16 వారాలు నిండక మునుపే చిన్న మోతాదులో ఆస్పిరిన్ ప్రారంభించుట వల్ల ఈ ముప్పు తగ్గుతుంది.

రెండవది రక్తం గడ్డకట్టించే ప్రతిరక్షకాల బెడద. లూపస్ ఉన్నవారిలో సుమారు మూడవ వంతు మందికి ఇవి ఉంటాయి. వీటివల్ల మాయలో రక్తప్రసారం చెడి గర్భం పదే పదే పోతుంది. లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే వైద్యుడు 1983లో ఈ స్థితిని వివరించిన తరువాత దీనికి చికిత్స కూడా రూపుదిద్దుకొన్నది. ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ సూదిమందు ఇస్తారు. హెపారిన్ మాయను దాటి బిడ్డను చేరదు. ఇదే చోట మరొక విచిత్రమున్నది. గర్భిణులకు సుఖవ్యాధి ఉన్నదేమోనని చేసే వి.డి.ఆర్.ఎల్. రక్తపరీక్ష ఈ ప్రతిరక్షకాల వల్ల, ఆ సుఖవ్యాధి లేకపోయినా, ఉన్నట్లు ఫలితం చూపవచ్చును. నిర్ధారించే మరొక పరీక్ష చేయకుండానే ఆ కాగితం ఒక ఇంటి పెద్దల చేతికి వస్తే ఏమగునో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఏ పాపమూ ఎరుగని ఇల్లాలి శీలానికి ఒక రసాయన పొరపాటు మచ్చ తెస్తుంది.

మూడవది బిడ్డ గుండెకు సంబంధించినది. ఆంటీ-రో అనే ప్రతిరక్షకం ఉన్న తల్లులలో నూటికి సుమారు 2 మంది బిడ్డలకు గర్భంలోనే గుండె వేగం మందగించవచ్చును. అంతకు ముందు ఒక బిడ్డకు అట్లు జరిగి ఉంటే ఆ ప్రమాదం నూటికి 16 నుండి 18 వరకు పెరుగుతుంది. అందువల్ల ఆ తల్లులకు 16 నుండి 26 వారాల మధ్య బిడ్డ గుండెను స్కానింగులో పలుమార్లు చూస్తారు.

ఇక మందుల మాట. కడుపుతో ఉన్నప్పుడు ఏ మందూ వద్దనుట మన ఇండ్లలో ప్రేమతో చెప్పే మాటయే. కాని లూపస్‌లో ఆ ప్రేమయే ప్రాణాంతకం కావచ్చును. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందును గర్భకాలమంతా కొనసాగించవలెనని నేడు వైద్యలోకం ఏకాభిప్రాయంతో చెప్పుచున్నది. అది ఆపివేస్తే వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆంటీ-రో ఉన్న తల్లులకు బిడ్డ గుండెను కాపాడుటలో కూడా అది తోడ్పడుతుంది. 2020లో కోవిడ్ భయంతో జనం ఈ మాత్రల కోసం ఎగబడినప్పుడు, ప్రతిదినం దానిమీద బ్రతికే లూపస్ రోగులకు అవి దొరకక అవస్థ పడిన సంగతి ఎంతమంది ఎరుగుదురు? అజాథయోప్రిన్, తక్కువ మోతాదులో ప్రెడ్నిసోలోన్ కూడా వైద్యుని పర్యవేక్షణలో వాడదగినవే. మైకోఫెనోలేట్, మెథోట్రెక్సేట్ మాత్రం గర్భానికి ముందే మానవలెను. మైకోఫెనోలేట్ అయితే కనీసం 6 వారాల ముందు.

మెథోట్రెక్సేట్ పేరు చెప్పగానే తెలుగువారమైన మనకు ఒక మహనీయుడు జ్ఞాపకం రావలెను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించిన కాలంలోనే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే విధానం వెలువడినది. మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలలో పుట్టినదే. మొదటిది ప్రతి గర్భిణికీ అవసరమైనది; రెండవది ఆ ఫోలిక్ ఆమ్లం పనినే అడ్డుకొనేది. ఒకే ప్రయోగశాల నుండి వచ్చిన రెండు మందులలో ఒకటి గర్భాన్ని కాపాడుతుంది, మరొకటి చెరుపుతుంది. కనుక "మందులన్నీ చెడ్డవి" అనే తీర్పూ తప్పే. "వైద్యుడు ఎప్పుడో రాసినదే కదా" అని అడుగకుండా మింగుటా తప్పే. ఏది ఎప్పుడు ఆపవలెనో, ఏది ఎన్నడూ ఆపరాదో చెప్పుటకు గర్భానికి ముందే వైద్యునికి అవకాశం ఇవ్వవలెను. ఆ అవకాశం ఇవ్వవలెనంటే ఇంటిలో ఆ వ్యాధి సంగతి తెలిసి ఉండవలెను. మా వాదనకు కీలకం ఇదే.

"నిజం చెబితే ఆడపిల్లకు పెళ్లి అవుతుందా?" అని తల్లులు మమ్ములను అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా తీసివేసే అధికారం మాకు లేదు. నిజం చెప్పినందుకు కొన్ని సంబంధాలు తప్పిపోవుట ఖాయం. కాని చెప్పకుండా చేసిన పెళ్లిలో ఆ పిల్ల ప్రతి మాత్రనూ దొంగతనంగా మింగవలసి వస్తుంది. పరీక్షకు వెళ్లుటకు ప్రతిసారీ ఒక అబద్ధం వెదకవలసి వస్తుంది. గర్భం ఎప్పుడు ధరించవలెనన్న నిర్ణయం ఆమె చేతిలో ఉండదు. "పెళ్లయి ఏడాది అయినది, ఇంకా విశేషం లేదా?" అని నలుగురూ అడుగుచుండగా, వ్యాధి అణగేవరకు ఆగుదామని ఆ పిల్ల ఎవరితో అనగలదు? ఎవరికీ చెప్పని కారణాన్ని ఎవరు మన్నిస్తారు? తప్పిపోయిన సంబంధం కంటే పోయిన గర్భం బరువు ఎక్కువ. ఆ పిల్ల ప్రాణం బరువు ఇంకా ఎక్కువ.

భాషను బోధించేవారము గనుక ఒక మాట చెప్పవలసి ఉన్నది. తెలుగులో గొడ్రాలు అన్నాము. ఉర్దూలో బాంఝ్ అన్నాము. రెండు భాషలూ మాట్లాడే మన ఇండ్లలో స్త్రీని గాయపరచుటకు రెండు మాటలున్నవి. పురుషుని విషయంలో నాలుక మీద అంత సులువుగా ఆడే మాట రెండింటిలోనూ లేదు. గర్భం పోయిన స్త్రీకి ఓదార్పు కావలెను, పరీక్ష కావలెను. పేరు పెట్టుట వల్ల ఆమెకు ఈ రెండూ దక్కవు.

మా విద్యార్థినులకు మా విన్నపం ఇది. వారాల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు, నోటిలో పుండ్లు, ఎండకు మండే మచ్చ, అతిగా జుట్టు రాలుట కనిపిస్తే లేపనాలతో కాలం గడపవద్దు. రక్తపరీక్షతో పాటు సామాన్యమైన మూత్రపరీక్ష కూడా చేయించుకొనండి. మూత్రపిండాల వ్యాధి నొప్పి లేకుండానే రావచ్చును. హైదరాబాదులోని నిమ్స్ వంటి సంస్థలలో ఈ వ్యాధులకు ప్రత్యేకమైన రుమటాలజీ విభాగాలున్నవి. ఇంటి పెద్దలకు మా మనవి మరొకటి. గర్భం రెండు మూడు పర్యాయాలు పోయిన కోడలిని నిందించక ముందు వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి. గర్భిణికి వైద్యం చేసే డాక్టరు, లూపస్‌కు వైద్యం చేసే డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకొనేటట్లు చూడండి. కాన్పు కాగానే గండం గడచినదనుకోవద్దు. ఆ తరువాతి నెలలలో కూడా వ్యాధి తిరగబెట్టవచ్చును. అంతవరకు బిడ్డలు వద్దనుకొనేవారు గర్భనిరోధక మాత్రలను తమంత తాము కొని వాడరాదు. రక్తం గడ్డకట్టే స్వభావమున్న వారికి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు అపాయకరం.

మా విద్యార్థిని కథ అంతటితో ముగియలేదు. రెండవ గర్భం పోయిన తరువాత ఒకనాడు ఆమెయే ధైర్యం చేసి భర్తకు సర్వం చెప్పినది. అతడు కొన్ని దినాలు మాట్లాడలేదట. తరువాత మాత్రల డబ్బాను తానే తీసి, అందరికీ కనిపించేటట్లు వంటింటి అలమారలో పెట్టినాడట. పరీక్షలలో రక్తం గడ్డకట్టించే ప్రతిరక్షకాలు బయటపడినవి. ఒక సంవత్సరం ఆగారు. మూడవసారి ప్రతిదినం సూదిమందు వేయించుకొన్నది. ఆ సూది వేయుట నేర్చుకొన్నది ఆమె అత్తగారే. తొమ్మిదవ నెల మొదట్లో శస్త్రచికిత్సతో ఆడపిల్ల పుట్టినది. బరువు తక్కువ, గొంతు మాత్రం గట్టిదని ఆమె మాకు రాసినది.

అందరి కథలూ ఇట్లే ముగుస్తాయని మేము చెప్పజాలము. వ్యాధి కఠినమైనది. ఎంత జాగ్రత్త పడినా కొందరికి నష్టం తప్పదు. కాని పప్పు డబ్బాలో నుండి ఆ మాత్రలు అలమారలోకి వచ్చుటకు ఇద్దరు పిల్లలు పోవలసిన అవసరం లేకుండెను. ఆ దూరాన్ని తగ్గించుట వైద్యుల పని కాదు, మన పని.