విర్కో పండితుని సైలీషియా నివేదిక

మన శాస్త్రపాఠములలో రుడాల్ఫ్ విర్కో (1821–1902) అను జర్మను వైద్యునికి సాధారణముగా ఒక్క వాక్యమే దక్కుచున్నది: ప్రతి కణమును మఱియొక కణమునుండియే పుట్టునని చెప్పినవాడు. ఆ భావమును రెమాక్ అను పండితుడు అంతకుముందే ప్రకటించియుండెను. ఆ మాట యటుండనిండు. విర్కో మహాశయుని ఘనకార్యము వేఱొకటి కలదని మా యభిప్రాయము.

1848లో ప్రష్యా రాజ్యమునకు చెందిన ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరము ప్రబలి జనులు వేలకొలది మరణించుచుండగా, దొరతనమువారు ఇరువదియాఱేండ్ల యీ యువకుని విచారణకు పంపిరి. అతడు సుమారు మూడు వారములు అచ్చట సంచరించెను. చూచినది ఆకలి, ఇఱుకు గుడిసెలు, చదువులేమి. పంపినవారు మందులను గూర్చిన నివేదికకై యెదురుచూచిరి కాబోలు! అతడు వ్రాసినది వేఱు: ప్రజలకు స్వపరిపాలన మొసగుడు, పేదలపై పన్నుల భారము తగ్గింపుడు, బాటలు వేయుడు, బిడ్డలకు వారి మాతృభాషయైన పోలిషులో విద్య గఱపుడు.

జ్వరమున కిది యేమి చికిత్సయని నవ్వువారుండవచ్చును. టైఫస్ పేలవలన వ్యాపించునని 1909లో గాని షార్ల్ నికోల్ కనుగొనలేదు. మార్చుకొన రెండవ వస్త్రము లేక, ఒక్క గదిలో పదిమంది పరుండువారిని పేలు విడుచునా? విర్కో పేనును ఎఱుగడు. పేనును పెంచిన దారిద్ర్యమును ఎఱుగును.

ఆ యేటి మార్చి విప్లవమున అతడు ప్రజాపక్షమున నిలిచెను. అందువలన బెర్లినులో ఉద్యోగమునకు ముప్పు రాగా, 1849లో వుర్జ్‌బుర్గ్ నగరమునకు ఆచార్యుడై పోయి, 1856లో మరలివచ్చెను. శరీరరసముల వికారమే రోగమను పాతమతమును త్రోసి, రోగము కణములయందే ఆరంభమగునని బోధించిన ప్రసిద్ధ గ్రంథమును 1858లో ప్రకటించెను.

పొరపాట్లు లేకపోలేదు. సూక్ష్మజీవులే వ్యాధికారణమను సిద్ధాంతమును చిరకాలము శంకించెను. నియాండర్ లోయలో దొరకిన ప్రాచీన మానవుని యెముకలను 1872లో పరీక్షించి, రోగముచే వికృతములైనవని తలచెను. రోగములనే చూచిన కన్నునకు అంతటను రోగమే తోచెనేమో! శిష్యులు గురువుల తప్పులనుగూడ నేర్వవలయును గాన ఇవి దాచుట లేదు.

1859 మొదలు బెర్లిను నగరసభలో సభ్యుడై, భూగర్భమున మురుగుకాలువలు కట్టింప ఏండ్ల తరబడి పోరాడెను; 1873లో పని ఆరంభమాయెను. వైద్యునికి రాజకీయములేలయని యడుగువారలు, అంతకుముందు ఆ మహానగరపు మురుగు వీథుల ప్రక్కనే తెఱపి కాలువలలో పాఱుచుండెనని యెఱుగుదురా?