కోసిన చెరకు

కాలము విలువైనదని విద్యార్థులకు చెప్పని ఉపాధ్యాయుడు లేడు. ఏ పని ఎంతకాలము ఆగగలదో చెప్పువారు మాత్రము అరుదు. కార్యాలయములలో, కళాశాలలలో పనులు చెడుటకు సోమరితనము కంటె ఈ వివేచన లేకుండుటయే పెద్ద కారణమని మా అభిప్రాయము.

దృష్టాంతము మన ప్రాంతముననే ఉన్నది. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగర్ నీటితో బోధన్ పొలములలో చెరకు విస్తరించింది. 1937లో అచ్చట నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. చెరకు కోసిన తరువాత ఆగదు. ఎండకు బరువు తగ్గుతుంది. లోని చక్కెర పలుకు కట్టని చక్కెరలుగా మారుతుంది. 24 గంటలలోపు గానుగకు చేర్చుట మేలు. కనుక లెక్క చేను నుండి గానుగకు కాక, గానుగ నుండి చేనుకు నడవవలెను. రేపు యంత్రము ఎంత ఆడగలదో తెలిసిన పిదపనే నేడు ఎంత కోయవలెనో నిర్ణయము. యంత్రముల మరమ్మతు సీజను ముగిసిన మాసములలోనే.

మన బాల్కొండ పసుపు సంగతి వేరు. తవ్విన కొమ్ములను ఉడికించి ఆరబెట్టువరకే తొందర. ఎండిన పసుపు ధర కొరకు నెలల తరబడి వేచియుండగలదు. (ఆ ధర వచ్చునా అనునది వేరొక ప్రశ్న!)

బల్లపై కాగితములను ఈ రెండు రాసులుగా విడదీయువారెందరు? పైనున్నది మొదట, పెద్దలు పంపినది అంతకంటె మొదట. ఇదియే మన ఆచారము. విద్యార్థి ఉపకారవేతనపు దరఖాస్తు కోసిన చెరకు. గత సంవత్సరపు సభా నివేదిక ఎండిన పసుపు. నివేదిక ముస్తాబై తరలిపోతుంది, దరఖాస్తు గడువు అడుగుననే తీరిపోతుంది. ఉద్యోగములలో చేరబోవు మా విద్యార్థులు ప్రతి ఉదయము పది నిమిషములు ఈ విభజనకే వెచ్చించినచో, తక్కిన దినము దానంతటదే దారికి వచ్చును.

అయితే తప్పంతయు క్రింది ఉద్యోగిపై మోపుట మాకు సమ్మతము కాదు. వేళకు కోసి, వేళకు బండి కట్టిన రైతు మిల్లు ద్వారము వద్ద రాత్రంతా పడిగాపులు పడవలసివచ్చినచో, అతనికి కాలపాలన నేర్పబూనుట పరిహాసమే. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడిన పిదప, చేతికందిన చెరకును దూరపు మిల్లులకు తరలించవలసిన రైతుకు దినచర్య పుస్తకము ఏమి మేలు చేయగలదు? కార్యాలయములలోనూ ఇంతే. నాలుగు రోజులు తన బల్లపై ఉంచుకొన్న కాగితమును అధికారి సాయంకాలము నాలుగు గంటలకు గుమాస్తాకిచ్చి, తెల్లవారేసరికి కావలెననును. ఆ నాలుగు రోజులు ఎవరి లెక్కలోనూ వ్రాయబడవు. గుమాస్తా మాత్రము నిజామాబాదులో ఆఖరి బస్సు తప్పి, ఏదో లారీ పట్టుకొని అర్ధరాత్రికి బాల్కొండ చేరును.