హరిత నగరమా? హరిత బిరుదమా?

2022వ సంవత్సరము అక్టోబరు 14వ తేదిన దక్షిణ కొరియాలోని జెజు ద్వీపమున జరిగిన సభలో మన హైదరాబాదునకు 'ప్రపంచ హరిత నగరము' అను బిరుదము లభించెను. నగరమును చుట్టియున్న 158 కిలోమీటర్ల ఔటరు రింగురోడ్డు పొడవునను పెంచిన పచ్చదనమును జూచి పరదేశపు పెద్దలు ఈ గౌరవము నొసగిరి. చెట్లు పెంచుట మంచిపని. మెచ్చినవారిని మేము నిందింపము. కాని ఆ సంవత్సరముననే, ఆ బిరుదమునకు ఆరు మాసములు ముందుగా, ఏప్రిలు 12వ తేదిన వెలువడిన ఒక ప్రభుత్వోత్తరువును ఆ పెద్దలకు చదివి వినిపించినవారు కలరా? ఆ సభకు సరిగా రెండేండ్ల క్రిందట, 2020 అక్టోబరు 13, 14 తేదులలో, ఇదే నగరమున ఏమి జరిగినదో చెప్పినవారు కలరా? ఈ మూడు తేదులను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడని పాఠకమహాశయులను వేడుచున్నాము.

మొదట వానను గూర్చి చెప్పుదుము. 2020 అక్టోబరు 13వ తేది రాత్రి కురిసిన వానకు గగనపహాడు వద్ద అప్పచెరువు కట్ట తెగెను. కొలది దినములకే బాలాపురమువైపు గుర్రంచెరువునకు గండి పడెను. ఇండ్లు మునిగెను, ప్రాణములు పోయెను. తరువాతి దినములలో ఈ వ్రాతగాడును మరికొందరు సేవకులును అన్నపు పొట్లములు మోసికొని మోకాటిలోతు బురదలో బస్తీలు తిరిగితిమి. ఒక యింట నీటిగీత గోడమీద మా తలలకంటె ఎత్తున నుండెను. ఆ యింటి ముసలమ్మ యన్నమాట నేటికిని చెవిలో మ్రోగుచున్నది: "బిడ్డా, నీళ్లు మా ఇంటికి రాలే. మేమే నీళ్ల ఇంట్ల గూసున్నం. జాగ అమ్మినోడు చెప్పలే, కాయితం మీద ముద్ర గొట్టినోడు చెప్పలే." ఇరువదేండ్ల న్యాయవాద వృత్తిలో ఇంతకంటె సూటియైన వాదమును ఏ కోర్టులోను మేము వినలేదు. చెరువు కడుపున గుడిసె వేసికొన్న బీదవాని దోషమెంత? ఆ చెరువును గజములుగా గోసి అమ్మినవాని దోషమెంత? ఆ అమ్మకమునకు ముద్ర గొట్టి, కరెంటు తీగ యిచ్చి, పన్ను వసూలు చేసికొన్న అధికారుల దోషమెంత? శిక్ష మాత్రము మొదటివానికే పడినది.

ఈ నగరమునకు వరద క్రొత్త గాదు. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. ఆనాటి పాలకులు రాజులే గాని, ఆ దుఃఖమునుండి ఒక పాఠము నేర్చుకొనిరి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని 1909లో పిలిపించి సలహా యడిగిరి. వరదను నగరమునకు ఎగువననే ఆపవలెనని ఆయన చెప్పెను. దానికి ఫలితముగా మూసీమీద ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరము 1927లోను వెలసినవి. గండిపేట నీరు త్రాగినవాడు ఈ యూరు విడిచిపోడను నానుడి అప్పుడు పుట్టినదే. ఒక్క కట్టడముచేత వరదయు ఆగినది, దాహమును తీరినది.

ఆ కట్టడములో ఇంకొక గుణము కలదు. నేడు 'సుస్థిర శక్తి' యని సభలలో వల్లించువారు దానిని విచారింపవలెను. ఉస్మాన్‌సాగరపు నిండుమట్టము సముద్రమునకు 1790 అడుగుల ఎత్తున నున్నది. నగరము దానికి పల్లమున నున్నది. కావున ఆ నీరు బొగ్గు నడుగలేదు, యంత్రము నడుగలేదు. తన బరువుతో తానే కాలువవెంట దిగి ఆసిఫ్‌నగరపు వడపోత తొట్లకు చేరెను. ఇపుడు మనము త్రాగు కృష్ణనీటి సంగతి చూడుడు. నాగార్జునసాగరపు నిండుమట్టము 590 అడుగులు. నగరమో సుమారు 1700 అడుగుల మీద నున్నది. నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి, వేయి అడుగులకు మించిన యెత్తునకు, ఆ నీటిని దశలు దశలుగా పంపులతో ఎక్కించవలెను. ఎల్లంపల్లి వద్ద గోదావరి యింకను పల్లమున నున్నది. వేయి లీటర్ల నీటిని వేయి అడుగులు ఎత్తుటకు, ఏ నష్టమును లేదనుకొన్నను, 0.83 యూనిటు విద్యుత్తు కావలెను. పంపుల నష్టము కలిపినచో ఒక్క యూనిటుకు తక్కువ గాదు. అనగా మనము కొళాయి త్రిప్పినప్పుడెల్ల ఎక్కడనో కొంత బొగ్గు కాలుచున్నదన్నమాట. ఉస్మాన్‌సాగరము జలాశయము మాత్రమే గాదు; నూరేండ్లుగా కూలి యడుగక పనిచేయుచున్న విద్యుత్కేంద్రమని మేమందుము.

ఈ రెండు సాగరములను కాపాడుటకే 1996 మార్చి 8వ తేదిన జీ.వో. 111 పుట్టినది. వాని చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కాలుష్యము చిమ్ము పరిశ్రమలును పెద్ద హోటళ్లును నివాసపు కాలనీలును కూడవని అది శాసించెను. ఆ హద్దులో ఒక నూనె కర్మాగారమును నెలకొల్పుటకు యత్నము జరుగగా వివాదము సుప్రీముకోర్టువరకు పోయెను. 1999లో ఆ న్యాయస్థానము చెప్పిన ధర్మము వృత్తిలోని వారందరెరిగినదే: ప్రకృతికి హాని కలుగునేమోయను సందేహమున్నచోట, హాని లేదని ఋజువు చేయు భారము మార్పు కోరువానిమీదనే యుండును. 2000లో మరల అదే వ్యాజ్యమున, ఆ కర్మాగారమునకు ప్రభుత్వమిచ్చిన మినహాయింపు చెల్లదని తేల్చెను.

ఇంత శ్రమపడి సాధించిన రక్షణ ఏమైనది? 2022 ఏప్రిలు 12వ తేదిన జీ.వో. 69 వెలువడి 111లోని నిషేధములను తొలగించెను. నీటి నాణ్యత చెడరాదను షరతొకటి తగిలించిరి. తలుపులు ఊడబెరికి, దొంగలు రారాదని గోడమీద వ్రాసినట్లున్నది ఆ షరతు. 2023 మేనెలలో 111ను పూర్తిగా రద్దుచేయుటకు మంత్రివర్గము నిర్ణయించెను. చెప్పిన కారణమేమనగా, నగరమునకు ఇపుడు కృష్ణా గోదావరుల నీరు వచ్చుచున్నదట. ఈ రెండు సాగరములు ముఖ్యాధారములు గావట! ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యన్న నిదియే. కోటి జనులకు గండిపేట యొక్కటే చాలునని మేమనుట లేదు. కృష్ణ లేక, గోదావరి లేక ఈ నగరము బ్రతుకజాలదు. కాని కొనితెచ్చుకొన్న బియ్యమున్నదని పెరటిలో పండు వరిని త్రొక్కివేయు గృహస్థు నెవరైన మెత్తురా? పైగా త్రాగునీటి మాట యటుండనిండు, ఆ సాగరములు వరదకు అడ్డుకట్టలు గదా! ఎగువ భూములన్నియు సిమెంటుచే కప్పబడిన నాడు వాననీరు ఇంకుటకు చోటేది?

ప్రతిపక్షమున నున్నదెల్ల ఆశాపరుల వాదమే యని మేము చెప్పము. ఆ 84 గ్రామముల రైతులకు న్యాయమైన మొర యొకటి కలదు. హద్దుకు ఆవలి పొలము కోట్లు పలుకుచుండగా, ఈవలి రైతు ఇరువదియారేండ్లు నగరపు నీటికొరకు తన భూమిని కట్టివేసికొని కూర్చుండెను. ఆ త్యాగమునకు నగరము పైస యిచ్చినదా? లేదు. ఈ మొరకు మందు మాత్రము సాగరమును చంపుట గాదు. ఆ భూములపై కురిసిన వాన మనదాహము తీర్చుచున్నది గనుక, మన నీటిపన్నులో ఒక భాగము ఏటేట ఆ గ్రామములకు చెందవలెను. కాపలాదారునికి జీతమీయక, వాడు నిదురించినాడని కోటనే అమ్మివేయుట పరిపాలన యనిపించుకొనదు.

నీరు బొగ్గుతో ఎక్కుచున్నదని చెప్పితిమి. ఆ బొగ్గును నగరము ఇంకెట్లు వ్యయపరచుచున్నదో చూతము. పడమటి దిక్కున అద్దాల మేడలు లేచినవి. మన యెండను ఎరుగని చలిదేశముల రూపమును ఇచటికి దెచ్చి నాటిరి. ఎండ అద్దములోనుండి లోనికి దూరును. దానిని వెడలగొట్టుటకు ఏసీ యంత్రములు తిరుగును. ఆ యంత్రముల వేడి వీథిలోనికి వచ్చును. వీథిలోని కూరగాయల బండివాడు ఆ వేడిని భరించును. ఆ యంత్రములకు కరెంటు ఎక్కడనుండి వచ్చును? 2600 మెగావాట్ల రామగుండపు కొలుములనుండియు, దామరచర్లవద్ద 4000 మెగావాట్లకని తలపెట్టి 2015లో శంకుస్థాపన చేసిన యాదాద్రి కేంద్రమువంటి వానినుండియు వచ్చును. చల్లదనము మనది, బూడిద వారిది! మేడ ముంగిట హరితభవనమను ఫలకము మాత్రము తళతళ మెరయుచుండును. పైన పటారము, లోన లొటారము.

నేర్పు మనకు లేకపోలేదు. 2004 జూలై 14వ తేదిన అబ్దుల్ కలాముగారు ఈ నగరముననే ప్రారంభించిన గోద్రెజ్ హరితకేంద్రమును చూడుడు. అమెరికాకు వెలుపల అత్యున్నతమైన ప్లాటినము శ్రేణిని మొదట బొందిన భవనమది. నడుమ ముంగిలి, జాలీగోడలు, పైకప్పున సౌరఫలకములు - మన పాత యిండ్ల తెలివికి క్రొత్త శాస్త్రము తోడైనది. చట్టములకును కొదువ లేదు. నీటికిని నేలకును చెట్లకును రక్షణగా 2002లో వాల్టా చట్టము చేసితిమి. 2023 ఏప్రిలులో చల్లని కప్పుల విధానము వెలువడి, 600 చదరపు గజములు మించిన స్థలములలోని కట్టడములకు ఎండను త్రిప్పికొట్టు కప్పును తప్పనిసరి చేసినది. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము కోటి యిండ్లమీద సౌరఫలకములకని పథకము పెట్టి, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సాయము ప్రకటించినది. కాగితములు నిండుగా నున్నవి. కప్పులు మాత్రము చాలవరకు ఖాళీగా ఎండుచున్నవి. తన కచేరీ కప్పుమీదనే ఫలకము పెట్టుకొనని ప్రభుత్వము పౌరునికి ఉపదేశము చేయుటకు తగునా?

పాలకులు మారిన దృష్టి మారునని ఆశించినవారికి 2025 మార్చినెల సమాధానము చెప్పినది. హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయము ప్రక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములను పరిశ్రమలకు వేలము వేయుటకై బుల్డోజరులు రాత్రింబగళ్లు చెట్లను కూల్చినవి. విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిలు 3వ తేదిన సుప్రీముకోర్టు ఆపుమని ఉత్తరువిచ్చువరకు అవి ఆగలేదు. ఒక పక్షము సాగరముల కాపు తీసివేసెను. దాని నోడించి వచ్చిన పక్షము వనముపై యంత్రములను తోలెను. కావున ఇది పార్టీల పోరు గాదు. ఖాళీనేల కనబడిన అది వ్యర్థముగా పడియున్నదని తలచు బుద్ధితో పోరు. వాన నింకించుకొనుచు, గాలిని చల్లబరచుచు, వరద నాపుచు ఆ నేల చేయుచున్న చాకిరి ఏ ఖజానా లెక్కలోను కనబడుట లేదు. లెక్కకు రానిదానిని అమ్ముట సులభము.

మేము కోరునవి మూడు. ఒకటి, రెండు సాగరముల రక్షణ ఒక్క సంతకముతో ఎగిరిపోవు జీ.వో.గా నుండరాదు, శాసనసభ చేసిన చట్టముగా నుండవలెను, ఆ గ్రామములకు పరిహారమును అందులోనే వ్రాయవలెను. రెండు, ప్రతి ప్రభుత్వ కచేరీ, పాఠశాల, ఆసుపత్రి కప్పుమీద సౌరఫలకములు వెలయువరకు ఏ మంత్రియు హరిత బిరుదము నందుకొనరాదు. మూడు, చెరువు గర్భమున బీదవాని యిల్లు కూల్చుటకు ముందు, ఆ స్థలమును అమ్మినవానిని, అనుమతించిన అధికారిని బోనులో నిలువబెట్టవలెను. ఇల్లు పోయినవానికి ముందుగా వేరొక చోటు చూపవలెను.

పఠనాలయములందు కూర్చుండి ఈ మాటలు చదువు సోదరులారా! ఇది సర్కారు పనియని పత్రిక మడిచిపెట్టకుడు. మీ కాలనీ ఏ చెరువు అంచున నున్నదో, దాని అలుగు నీరు పూర్వము ఏ నాలాగుండ పోయెడిదో పెద్దలనడిగి తెలిసికొనుడు. గ్రామపటమును తీసి చూడుడు. సమాచారహక్కు చట్టము మీ చేతనున్నది. మీ యింటి కప్పుకు తెల్లని పూత, పెరటిలో ఇంకుడుగుంత, శక్తి యున్నవారికి సౌరఫలకము - వీనికి ఏ మంత్రియాజ్ఞయు అక్కరలేదు. స్వరాజ్యమన్నది ఢిల్లీలో ఒక్కసారి వచ్చి నిలిచిపోయిన వస్తువు గాదు. తన నీటిని తాను కాపాడుకొని, తన దీపమును తాను వెలిగించుకొనునంతవరకు ఏ నగరమునకును అది పూర్తిగా రానట్లే.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ముదుసలి చింతచెట్టొకటి కలదు. 1908 వరదనాడు దాని కొమ్మలెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి.  మన హరితాధికారులు జెజునుండి తెచ్చిన బిరుదపత్రమును చేతబట్టి ఒక్కసారి ఆ చెట్టుక్రింద నిలువవలెనని మా కోరిక. మరల మూసీ పొంగిననాడు ఎక్కుటకు మనకు మిగులునది ఆ పత్రమో, ఆ చెట్టో వారే చెప్పుదురుగాక.