సాయంత్రం ఒక గంట వీధిని పిల్లలకు వదలండి!

పామిడి అక్కలారా, అన్నలారా, అవ్వా తాతలారా!

మన ఊళ్లో ఎన్నో ఇళ్లు నడిచేది కుట్టుమిషన్ మీదే. పొద్దునకల్లా నైటీల కట్ట షావుకారుకు అప్పజెప్పాలి. మూడేళ్ల బిడ్డ కాళ్ల దగ్గర చేరి ఏడుస్తుంది. సెల్లు చేతికిస్తే గమ్మునుంటుంది. ఆ తల్లిని ఎవరూ తప్పుపట్టొద్దు. పీసుకింత అని ఇచ్చే పనిలో అరగంట మిషన్ ఆపితే ఆ అరగంట కూలి పోయినట్టే. అందుకే ఈ కరపత్రం ఆమె ఒక్కదానికి కాదు, వీధి మొత్తానికి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. రెండేళ్లు నిండని బిడ్డకు సెల్లు, టీవీ వద్దే వద్దు. ఆపైన నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించకూడదు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజూ 3 గంటలైనా ఒళ్లు కదిలించాలి, అందులో గంటసేపు బాగా ఉరకాలి, దూకాలి.

యాడ ఉరకాలి? వాకిలి దాటితే బైకులు!

ఇల్లు కట్టేవాళ్లు దింపిన ఇసుక కుప్ప మీద పిల్లల్ని ఒకసారి చూడండి. ఒకడు తడి ఇసుక పాదం మీద కప్పి, అరచేత్తో తట్టి, కాలు మెల్లగా వెనక్కి లాగుతాడు. గూడు కూలితే మళ్లీ కడతాడు. పక్కపిల్ల గూడు తొక్కితే జగడం. రాజీ కూడా వాళ్లే చేసుకుంటారు, మన పంచాయితీల కన్నా తొందరగా! ‘మట్టి, మట్టి’ అని లాక్కుపోకండి. చేతులు కడిగితే పోతుంది.

రోజూ ఎండ దిగినాక ఒక గంట వీధికి రెండు కొసలా మంచాలు అడ్డం వేద్దాం. బండ్లవాళ్లు దిగి తోసుకుపోండి. అరుగు మీది అవ్వలే కాపలా, కుంటాటకు, దాగుడుమూతలకు పంతులమ్మలు కూడా వాళ్లే. మిషన్ కింది గుడ్డముక్కలు చుట్టి బంతి చేసివ్వండి. గుండీలు, చింతగింజలు మాత్రం మూడేళ్ల లోపు పిల్లలకు అందనీయకండి, గొంతులో ఇరుక్కుంటాయి. పెన్నలోకి పిల్లల్ని ఒంటరిగా పంపకండి.

అంగన్‌వాడీ నుంచి రాగానే ‘ఏం రాసినావు?’ అనకుండా ‘ఏం ఆడినావు?’ అని అడగండి. ఈ వయసుకు ఆటపాటలతోనే చదువని 2020 జాతీయ విద్యావిధానమే అంటోంది. ఎల్‌కేజీ బిడ్డతో పేజీలు రాయించమని బడివాళ్ల వెంటపడేది మనమే కదా!

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. సాయంత్రం ఆ గేట్లు తెరిచిపెట్టమని సంతకాలు సేకరిస్తున్నాం. మీ వీధికి వచ్చినప్పుడు పెట్టండి. ఈలోగా, అడ్డం వేసే మంచాలు ఎవరింటివో ఈ రాత్రికే తేల్చుకోండి.

ఇట్లు,
పామిడి అమ్మానాయనలు కొందరు