ఫుట్‌బాల్ వేరుకాపురం... అలసట అమ్మాయిలది!

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలున్న ఇళ్లలో శనివారం కాలేజీ ఫుట్‌బాల్ హడావుడి గురించి వినే ఉంటారు. ఈ ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు. తలకు హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. ఆడేది దాదాపు అందరూ మగపిల్లలే. కాలేజీ జట్లే అయినా ఆ మ్యాచ్‌లు చూపించడానికి టీవీ సంస్థలు కోట్ల డాలర్లు పోస్తున్నాయి. ఆ డబ్బు దగ్గర లెక్క కుదరకే నూరేళ్లు దాటిన ఒక కాలేజీల కూటమి 2024లో చెల్లాచెదురైంది. 'మగపిల్లల ఆట, టీవీవాళ్ల బేరం, మధ్యలో మనకెందుకు?' అనుకుంటున్నారా? ఆ బేరం బరువు మోస్తున్నవాళ్లలో వాలీబాల్, సాఫ్ట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలు వేలల్లో ఉన్నారు.

ఉమ్మడి ఇల్లు ఎందుకు విడిపోయింది?

అక్కడి కాలేజీలు చుట్టుపక్కల కాలేజీలతో కలిసి కూటములు కట్టుకుంటాయి. వాటిని కాన్ఫరెన్సులంటారు. ఇరుగుపొరుగువాళ్లతో ఆడితే ఖర్చు తక్కువ, చదువు పాడవదు. అసలు ఉద్దేశం అదే. పసిఫిక్ తీరంలో 1915లో మొదలైన ఇలాంటి కూటమే తర్వాత 'పాక్-12' అయింది. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ, యూసీఎల్‌ఏ వంటి పేరున్న విశ్వవిద్యాలయాలు అందులో ఉండేవి.

ఒకప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కులు ఎన్‌సీఏఏ అనే జాతీయ సంస్థ గుప్పిట్లో ఉండేవి. ఆ పెత్తనం చట్టవిరుద్ధమని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక అప్పట్నుంచి ఎవరి బేరం వాళ్లది. జనం ఎగబడి చూసే జట్లు ఏ కూటమిలో ఎక్కువుంటే దానికి అంత ధర. దాంతో కూటములు ఒకదాని జట్లను ఇంకోటి లాక్కోవడం మొదలైంది.

2022 జూన్‌లో యూసీఎల్‌ఏ, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పాక్-12ని వదిలి 'బిగ్ టెన్' కూటమిలో చేరుతున్నట్టు చెప్పాయి. రెండు నెలలు తిరక్కుండానే బిగ్ టెన్, ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ సంస్థలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం కుదుర్చుకుంది. పాక్-12కి అలాంటి బేరం దొరకలేదు. 2023 వేసవిలో మిగిలినవీ ఒక్కొక్కటిగా జారుకున్నాయి. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ఎక్కడ తేలాయో తెలుసా? అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో! పసిఫిక్ ఒడ్డున ఉన్న కాలేజీలు అట్లాంటిక్ కూటమిలో చేరాయి. అదీ కొన్నేళ్లపాటు టీవీ డబ్బులో తక్కువ వాటాకి ఒప్పుకుని. పాత ఇంట్లో చివరికి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి.

ఒకరి బేరం, అందరి ప్రయాణం

చిక్కంతా ఇక్కడే. బేరం ఫుట్‌బాల్‌ది. కానీ చాలా కాలేజీల్లో మిగతా జట్లన్నీ దాని వెంటే కొత్త కూటమికి వెళ్లాల్సి వచ్చింది. ఫుట్‌బాల్ వాళ్లకి వారానికి ఒక్క మ్యాచ్, సీజన్ మొత్తానికి పన్నెండు, అందులో సగం దాకా సొంత ఊళ్లోనే. పెద్ద జట్లకి ప్రత్యేక విమానాలుంటాయి. సాఫ్ట్‌బాల్ అమ్మాయిలు ఒక సీజన్‌లో యాభై మ్యాచ్‌ల దాకా ఆడతారు. వాలీబాల్, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు వారం మధ్యలోనూ ఉంటాయి. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీలోని రట్గర్స్‌కి వెళ్లాలంటే దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. మన కశ్మీర్ నుంచి కన్యాకుమారి కంటే ఎక్కువ. గడియారంలో మూడు గంటల తేడా. మ్యాచ్ ఆడి, తెల్లారేసరికి తిరిగొచ్చి, క్లాసులో కూర్చోవాలి. పరీక్షా రాయాలి.

మిస్సోరీ ఫుట్‌బాల్ కోచ్ ఎలై డ్రింక్‌విట్జ్ 2023 ఆగస్టులోనే ఈ మాట ఎత్తారు. మామూలు విమానాల్లో తిరిగే ఇతర ఆటల పిల్లల గతేమిటని ఎవరైనా ఆలోచించారా అని అడిగారు. కాలేజీలు అసలు పట్టించుకోలేదనలేం. ఒకే ప్రయాణంలో రెండు మ్యాచ్‌లు పూర్తయ్యేలా షెడ్యూళ్లు సర్దుతున్నారు. కానీ దూరం దూరమే కదా!

సంపాదించేవాడి మాటే చెల్లాలా?

'ఫుట్‌బాల్ సంపాదిస్తోంది కాబట్టే అమ్మాయిల ఆటలు నడుస్తున్నాయి. కాస్త సర్దుకుపోవాలి' అనేవాళ్లున్నారు. ఈ మాట మన ఇళ్లలోనూ విన్నట్టే ఉంది కదూ? అందులో కొంత నిజం ఉంది. పెద్ద కాలేజీల్లో చాలాచోట్ల ఇతర ఆటలకి ఫుట్‌బాల్ డబ్బే ఆధారం. కానీ అమ్మాయిల ఆట విలువెంతో ఎవరైనా సరిగ్గా లెక్క కట్టారా?

2021లో అమ్మాయిల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీల్లో వ్యాయామం గదికి బదులు ఒక చిన్న స్టాండులో కొన్ని డంబెల్స్ పెట్టారు. అబ్బాయిలకేమో హాలు నిండా సామగ్రి. ఒరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ దాన్ని వీడియో తీసి బయటపెట్టేసరికి దేశమంతా గగ్గోలైంది. దానిపై విచారణ చేసిన న్యాయసంస్థ అమ్మాయిల పోటీల టీవీ హక్కులకి 2025 నుంచి ఏడాదికి 8 నుంచి 11 కోట్ల డాలర్లు పలకొచ్చని తేల్చింది. అప్పటిదాకా వాటిని విడిగా అమ్మనే లేదు. ఇతర ఆటలతో కలిపి గంపగుత్తగా ఇచ్చేస్తున్నారు. 2024 జనవరిలో కుదిరిన ఎనిమిదేళ్ల ఒప్పందంలోనూ గంపగుత్త బేరమే. అందులో వీళ్ల వాటా ఏడాదికి సుమారు 6.5 కోట్ల డాలర్లని లెక్కేశారు. అబ్బాయిల పోటీలకు ఏడాదికి సగటున 110 కోట్లు!

ఆ ఒప్పందమైన మూడు నెలలకే, 2024 ఏప్రిల్‌లో, అమ్మాయిల ఫైనల్‌ని సగటున కోటీ 89 లక్షల మంది చూశారు. అబ్బాయిల ఫైనల్‌ని చూసింది కోటీ 48 లక్షల మంది. ఇంకో సంగతి. 2021లో అమ్మాయిల ఫైనల్ ఆడిన స్టాన్‌ఫర్డ్, అరిజోనా రెండూ పాక్-12 జట్లే. అమ్మాయిలు దేశంలోకెల్లా గొప్పగా ఆడుతున్న కూటమే ఫుట్‌బాల్ బేరం కుదరక చెదిరిపోయింది.

మరి దారేమిటి?

ఫుట్‌బాల్‌ని వేరే కూటమిగా పెట్టి, మిగతా ఆటల్ని పాత ఇరుగుపొరుగులోనే ఉంచొచ్చు. ఇది మన సలహా కాదు. యూసీఎల్‌ఏ ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్నప్పుడు చిప్ కెల్లీ 2023లోనే చెప్పింది. డబ్బు సంగతీ తేలాలి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కాలేజీలు క్రీడాకారులకు నేరుగా ఏడాదికి రెండు కోట్ల డాలర్ల దాకా పంచొచ్చు. పాత ఏళ్లకు ఇచ్చే 280 కోట్ల పరిహారంలో దాదాపు 90 శాతం ఫుట్‌బాల్, అబ్బాయిల బాస్కెట్‌బాల్ వాళ్లకే వెళ్లేలా లెక్క వేశారు. చదువులో, ఆటల్లో ఆడామగా తేడా చూపరాదన్న 1972 నాటి 'టైటిల్ నైన్' చట్టానికి ఇది విరుద్ధమంటూ ఎనిమిది మంది క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్లారు.

ఇదంతా మనకి మరీ దూరం కాదు. నెల్లూరు మూలాలున్న టెన్నిస్ ఆటగాడు నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ జట్టులో ఆడినవాడే. అక్కడున్న తెలుగువాళ్ల ఆడపిల్లలు కూడా ఆటల స్కాలర్‌షిప్పుల కోసం చూస్తుంటారు. మీ అమ్మాయో, మేనకోడలో అలాంటి ప్రయత్నంలో ఉంటే కాలేజీ పేరు, స్కాలర్‌షిప్ మొత్తం చూసి మురిసిపోవద్దు. సీజన్‌లో ఎన్ని రోజులు క్లాసులు పోతాయి? ఎంత దూరం, ఎలా తీసుకెళ్తారు? పరీక్ష ఉంటే ఏం చేస్తారు? జట్టుని ఎత్తేస్తే స్కాలర్‌షిప్ ఉంటుందా? కోచ్‌ని ఇవన్నీ మొహమాటపడకుండా అడగమనండి. కూటమి మారేటప్పుడు ఆ అమ్మాయిల్ని ఎవరూ పిలిచి అడగలేదు. కనీసం చేరేముందు అడిగే అవకాశం వాళ్ల చేతుల్లోనే ఉంది.