సీటు రాకపోతే చదువు ముగిసినట్టేనా?

నీట్ ర్యాంకులు వెలువడి, కన్వీనర్ కోటా జాబితాలు ఒకటొకటిగా ముగిసే వేళకు మన ఇళ్ళలో ఒక మాట మొదలవుతుంది: డాక్టరు చదువు మన నసీబులో లేదని. కొడుకైతే దుకాణానికో, గల్ఫ్ వీసాకో దారి వెతుకుతారు. కూతురైతే ఊళ్ళో ఉన్న డిగ్రీ కళాశాలలో బి.యస్సీ.లో చేర్పించి, సంబంధం కుదిరేదాకా చదువుకోనీ అంటారు. రెండేళ్ళపాటు రాత్రింబవళ్ళు జీవశాస్త్రం చదివిన బిడ్డ ఆనాటి నుండి గమ్యం లేని చదువు చదువుతుంది. ఆ బిడ్డ మేధస్సులో లోపం లేదు. ముందున్న దారులేమిటో చెప్పేవారు ఆ ఇంట్లో గానీ, ఆ వీధిలో గానీ లేరు. అంతే.

బి.యస్సీ.లో చేరినంత మాత్రాన వైద్య, ఆరోగ్య రంగాల వృత్తివిద్యకు తలుపులు మూసుకుపోవు. అయితే ఆ తలుపులు వాటంతట అవి తెరచుకోవు కూడా. డిగ్రీలో అడుగుపెట్టిన తొలి నెలల్లోనే ఏ దారిన వెళ్ళాలో తేల్చుకుని, అందుకు తగ్గట్టు చదువును నడుపుకున్నవారికే ఆ మూడేళ్ళు మెట్లవుతాయి. ఆ నిర్ణయంలో బిడ్డకు తోడు నిలవడం కుటుంబం బాధ్యత, సముదాయం బాధ్యత. సాధనాలు సమకూర్చడం ప్రభుత్వం బాధ్యత.

ఇందులో మనకు ఎంత నష్టం జరుగుతోందో గుర్తుచేసుకోవాలి. 2006లో జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో 20 ఏళ్ళు దాటిన ముస్లింలలో పట్టభద్రులూ డిప్లొమాదారులూ కలిపి 4 శాతానికి మించలేదు. పేరొందిన కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ముస్లిం ఒక్కరేనని కూడా ఆ నివేదికే చెప్పింది. మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం సముదాయాలకు 2007 చట్టం ద్వారా 4 శాతం రిజర్వేషన్ దక్కింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. ఇంత పోరాడి నిలుపుకున్న హక్కును వాడుకోవలసిన బిడ్డలు మధ్యలోనే చదువు దారి మళ్ళితే, ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

ముందుగా ఒక అపోహ తొలగాలి. మన కుటుంబాల్లో అమెరికాలో స్థిరపడిన బంధువులు ఉన్నవారు ఎక్కువే. అక్కడ వైద్యకళాశాలలో చేరాలంటే ముందు డిగ్రీ పూర్తిచేయాలి. జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలను ప్రయోగశాలతో సహా చదివి, ఎంక్యాట్ అనే పరీక్ష రాయాలి. ఆ పద్ధతి విన్న మనవారు ఇక్కడ కూడా బి.యస్సీ. తరువాత వైద్యవిద్య దానంతట అదే వస్తుందనుకుంటారు. ఇక్కడి విధానం వేరు. ఎం.బి.బి.యస్. నుండి నర్సింగ్ దాకా ప్రవేశానికి ప్రధాన అర్హత ఇంటర్మీడియట్ బైపీసీయే. బి.యస్సీ.లో గడిపిన సంవత్సరాలకు అందులో మినహాయింపు ఉండదు. ఏ కోర్సులో చేరినా మొదటి సంవత్సరం నుండే మొదలుపెట్టాలి. ఈ సంగతి తెలిస్తే నిరాశ పడనక్కరలేదు, లెక్క మాత్రం సరిగ్గా వేసుకోవచ్చు.

ఇక దారులు చూద్దాం. మొదటిది మళ్ళీ నీట్ రాయడం. గరిష్ఠ వయోపరిమితిని జాతీయ వైద్య కమిషన్ 2022లో తొలగించింది. ఇన్నిసార్లే రాయాలన్న నియమమూ లేదు. డిగ్రీ చదువుతూ రాయవచ్చు, ముగించాక కూడా రాయవచ్చు. తెలుగులోనూ, ఉర్దూలోనూ ప్రశ్నపత్రం తీసుకునే వీలుంది. 180 ప్రశ్నలకు 720 మార్కులు. అందులో జీవశాస్త్రానివే 90 ప్రశ్నలు. వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలతో బి.యస్సీ. చదివే విద్యార్థికి ఈ భాగం నిత్యం చేతిలో ఉండే పనే. చిక్కంతా భౌతికశాస్త్రంతో వస్తుంది. 45 ప్రశ్నలు, 180 మార్కుల ఆ సబ్జెక్టు ఈ డిగ్రీలో ఉండదు. ఏడాది తిరిగేసరికి ఇంటర్‌లో నేర్చినది మరుగున పడుతుంది. కాబట్టి నీట్ లక్ష్యంగా పెట్టుకున్నవారు డిగ్రీలో చేరిన వారం నుండే రోజుకో గంట భౌతికశాస్త్రానికి కేటాయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతి వచ్చాక రసాయనశాస్త్రం కూడా చేజారే ప్రమాదముంది. జీవశాస్త్రాన్ని మేజర్‌గా తీసుకునేవారు రసాయనశాస్త్రాన్ని వదలకుండా చూసుకోవాలి. ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. పుస్తకాలను పంక్తి పంక్తి చదవడానికి సాటివచ్చే గైడు లేదు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంది గనుక, రాని ప్రశ్నను వదలడం కూడా సాధనతో అలవరచుకోవలసిన విద్యే.

నీట్ అంటే ఎం.బి.బి.యస్. ఒక్కటే కాదు. దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియో, యునానీ డిగ్రీలకు కూడా ఇదే పరీక్ష. హైదరాబాద్ చార్మినార్ చెంత నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల ఉన్నాయి. ఉర్దూ చదవడం రాయడం వచ్చిన పిల్లలకు యునానీ చదువు ఎంతో చేరువ. అయినా మన ఉర్దూ మీడియం విద్యార్థులలో చాలామందికి దానికి నీట్ రాయాలన్న సంగతే తెలియదు.

రెండో దారి నర్సింగ్, ఫిజియోథెరపీ, బి.ఫార్మసీ, ఫార్మ్.డి. వంటి కోర్సుల్లో చేరడం. బి.యస్సీ. మొదటి సంవత్సరంలో ఉన్న బిడ్డ తరువాతి ఏడు ఈఏపీసెట్ రాసి ఫార్మసీకి మారితే, ఒక ఏడాది వృథా అయిందని ఇరుగుపొరుగు అనవచ్చు. వృత్తి చేతికి వచ్చాక ఆ ఏడాదిని ఎవరూ లెక్కపెట్టరు. చేరబోయే కళాశాలకు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీ కౌన్సిల్ వంటి సంస్థల గుర్తింపు ఉందో లేదో మాత్రం ముందుగా చూసుకోవాలి. ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ, ల్యాబ్ టెక్నాలజీ మొదలైన వృత్తుల కోసం 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి జాతీయ కమిషన్‌ను ఏర్పరచింది. అనుమతి లేని గదుల్లో నడిచే ‘పారామెడికల్’ బోర్డులను చూసి మోసపోయే కాలం ఇక చెల్లాలి.

మూడో దారి డిగ్రీని శ్రద్ధగా పూర్తిచేసి, ఆరోగ్యరంగంలోనే పీజీ చదవడం. ప్రజారోగ్యంలో ఎం.పి.హెచ్., ఆసుపత్రి నిర్వహణ, పోషకాహార శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనశాస్త్రం ఇందులోకి వస్తాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.పి.హెచ్. ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎం.యస్సీ. నడుపుతోంది. ఇవి చదివినవారు డాక్టర్లు కారు, మందులు రాయలేరు. ఆ తేడాను పిల్లలకు దాచకుండా చెప్పాలి. అంటువ్యాధిని గుర్తించడానికీ, ప్రయోగశాల నడపడానికీ, రక్తహీనతతో బాధపడే తల్లుల కోసం పథకం రూపొందించడానికీ కావలసినవారు వీరే.

దారి ఏదైనా, ధ్రువపత్రాల దగ్గర మన పిల్లలు ఓడిపోతున్నారు. బీసీ-ఇ ధ్రువపత్రం కోసం కౌన్సెలింగ్ నాడు మీసేవ చుట్టూ, తహసీల్దార్ కార్యాలయం చుట్టూ తిరిగే కుటుంబాలు ఎన్నో! దూదేకుల వారు బీసీ-బి, మెహతర్ వారు బీసీ-ఎ కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ మొదలైనవారు బీసీ-ఇ పరిధిలో లేరు గనుక, ఆదాయ పరిమితికి లోబడి ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. రాష్ట్ర పత్రం ఉందని అఖిల భారత కోటా దరఖాస్తులో ఓబీసీ అని నింపితే సీటే రద్దయ్యే ప్రమాదముంది. తమ సముదాయం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే నింపాలి. ఇక పేర్ల సంగతి. ఒకే బిడ్డ పేరులోని షేక్ పదం పదో తరగతి మెమోలో ఒక వర్ణక్రమంతో, ఆధార్‌లో మరో వర్ణక్రమంతో ఉంటుంది. ఇలాంటివి ఇంటర్ రోజుల్లోనే సరిచేయించాలి. పర్దా పాటించే అమ్మాయిలు నీట్ రాసేనాడు తనిఖీ కోసం కేంద్రానికి ముందుగా చేరుకోవాలని నిబంధన చెబుతోంది. ఆ సమయం పాటిస్తే గేటు దగ్గర వాదన, కన్నీరు తప్పుతాయి.

డిగ్రీ మధ్యలో వృత్తికోర్సుకు మారేవారికి మరొక అడ్డంకి ఉంది. మిగిలిన సంవత్సరాల ఫీజు మొత్తం కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కళాశాలలు పట్టుబడతాయి. అసలు ధ్రువపత్రాలను కళాశాలలు తమవద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టంగా ఆదేశించింది. ఆ ఆదేశం ప్రతిని వెంట తీసుకెళ్ళి, రాతపూర్వకంగా అడగండి. డిగ్రీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందినవారు కొత్త కోర్సుకు అది మళ్ళీ వర్తిస్తుందా లేదా అన్నది మారకముందే సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి.

ఆడపిల్లల విషయంలో మనలో మనమే అనుకోవలసిన మాట ఒకటుంది. మన స్త్రీలకు ప్రసవవేళ ఆడ డాక్టరే, ఆడ నర్సే కావాలని కోరుకుంటాం. మన బిడ్డ నర్సింగ్ చదువుతానంటే మాత్రం రాత్రి డ్యూటీలనీ, పరాయి ఊరి హాస్టలనీ, సంబంధాలు రావనీ ఆపేస్తాం. అందరి కూతుళ్ళూ ఇంట్లోనే ఉంటే ఆ నర్సు ఎక్కడి నుండి వస్తుంది? నికాహ్ మాటలప్పుడే కోడలి చదువు కొనసాగాలన్న షరతును పెద్దల సమక్షంలో ఒప్పించుకోవడం తల్లిదండ్రుల చేతిలో ఉన్న పని.

అప్పుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ సీటు కొనడం, ఏజెంటు మాట నమ్మి ఏ దేశానికో పంపడం మన పట్టణాల్లో పెరిగింది. విదేశీ ఎం.బి.బి.యస్.కు కూడా నీట్ అర్హత తప్పనిసరి. అక్కడ కనీసం 54 నెలల చదువు, 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. బోధన ఆంగ్లంలో సాగాలి. తిరిగివచ్చాక స్క్రీనింగ్ పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్షలో తప్పేవారే ఎక్కువ. ఈ సంగతులేవీ చెప్పని ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకండి.

సముదాయం చేయగలిగింది చిన్నదేమీ కాదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించినప్పుడు రాయలసీమ ముస్లింలు సంపన్నులేమీ కారు. చదువు లేనిదే గౌరవం నిలవదని ఆ తరం గ్రహించింది. ఈనాడు మన పట్టణాల్లో విశ్రాంత అధ్యాపకులున్నారు, డాక్టర్లున్నారు, ఫార్మసిస్టులున్నారు. బి.యస్సీ. పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు భౌతికశాస్త్రం చెప్పడానికి షాదీఖానాలో ఒక గది, ఒక బోర్డు చాలు. కౌన్సెలింగ్ రోజుల్లో దరఖాస్తులు నింపి, పత్రాలు సరిచూసే నలుగురు యువకులు మస్జిద్ కమిటీ తరఫున కూర్చుంటే పదుల కుటుంబాలు ఒడ్డెక్కుతాయి.

ప్రభుత్వాలను అడగవలసింది గట్టిగానే అడగాలి. మైనారిటీల కోసం నడిపే నీట్ శిక్షణలో ఇంటర్ విద్యార్థులతో పాటు డిగ్రీ విద్యార్థులకూ చోటు ఇవ్వాలి. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు ఏర్పడ్డాయి. అక్కడ ఇంటర్ చదివిన బిడ్డ గేటు దాటాక ఏమవుతోందో చూసే వ్యవస్థ కావాలి. ఫీజు బకాయిలు ఏటా సకాలంలో విడుదల కావాలి. ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు ఉన్న మైనారిటీ ఉపకారవేతనాన్నీ, మౌలానా ఆజాద్ పరిశోధక ఫెలోషిప్‌నూ కేంద్రం 2022లో నిలిపివేసింది. 2024లో మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ మూసివేతకు ఆదేశించింది. మెట్లను ఒక్కొక్కటిగా తొలగిస్తూ, పైకి ఎక్కలేదని మనల్నే తప్పుపట్టడం న్యాయం కాదు. వాటిని పునరుద్ధరించాలని ప్రతి జిల్లా నుండి వినతులు వెళ్ళాలి.

ఈ ఏడు సీటు రాని బిడ్డ మీ ఇంట్లో ఉంటే, ఈ వారమే పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. ఏ వృత్తి కావాలి? దానికి ఏ పరీక్ష రాయాలి? ఏ పత్రం ఇంకా చేతికి రాలేదు? జవాబులు ఒక కాగితం మీద రాయించండి. డిగ్రీలో మొదటి రోజు ఆ కాగితంతోనే మొదలుకావాలి.